సాంబ మడిలో ఎండాకు తెగులు: బ్యాక్టీరియా జన్యువుల జాడ తీసిన ఒక కేసు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు ఒక ఊరు. వానాకాలం పంట. ఆరెకరాల్లో బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి. ఆగస్టు మొదటి వారంలో నాట్లు పడ్డాయి. సెప్టెంబరు మూడో వారంలో ఈదురుగాలితో గట్టి వాన కొట్టింది. వాన వెలిసిన కొద్ది రోజులకే ఆకుల కొసలు పసుపు తిరిగాయి. అక్టోబరు వచ్చేసరికి మడి మొత్తం ఎండుగడ్డి రంగుకు మారింది. రైతు మందుల దుకాణానికి వెళ్తే ముందు అగ్గి తెగులు మందు ఇచ్చారు, తర్వాత పాము పొడ తెగులు మందు, ఆ పైన జింకు. నాకు కబురు వచ్చేటప్పటికి పంట చిరుపొట్ట దశలో ఉంది.

"మూడు సార్లు కొట్టిన సార్. పైసలు పోయినయి గానీ ఆకు ఎండుడు ఆగలే" అన్నాడు రైతు.

వానాకాలంలో ఇలాంటి మడులు చాలానే చూస్తాం. దీన్ని రాయాలనిపించడానికి కారణం గట్టుకు అవతలి పొలం. అది ఈయన బావమరిదిది, ఎకరంన్నర. అక్కడా సాంబ తరహా వరే, చూడటానికి గింజ ఇదే, వాన ఇదే, కాలువ నీళ్లు ఈ మడిలోంచే అందులోకి దిగుతాయి. అయినా ఆ పొలం పచ్చగా ఉంది, ఒక్క ఈశాన్యం మూల తప్ప. ఆ మూలలో కొన్ని దుబ్బులు అచ్చం ఇవతలి మడిలాగే ఎండిపోయాయి. ఇక్కడెందుకు వచ్చింది, అక్కడెందుకు రాలేదు, రానిచోట ఆ మూలకే ఎందుకు వచ్చింది? మూడింటికీ జవాబు బ్యాక్టీరియా దగ్గరున్న కొన్ని జన్యువుల్లో, వాటికి వరి మొక్క చెప్పే బదుల్లో దొరికింది.

పొలం చరిత్ర

నారు నెల దాటాక తీశారు. ముదురు నారు కావడంతో కొసలు తుంచి నాటారు. కాండం తొలిచే పురుగు గుడ్లను ఆకు కొసల దగ్గర పెడుతుంది కాబట్టి కొసలు తుంచి నాటమనేది పాత సిఫారసే, పురుగు వరకు అది సరైనది కూడా. కానీ ఎండాకు తెగులు తరచూ వచ్చే చోట అదే పని ప్రతి మొక్కకూ ఒక గాయం చేసి నీళ్లమడిలో నిలబెట్టినట్టవుతుంది. కొసలు తుంచండి, తుంచకండి అనే రెండు సలహాలూ ఒకే కరపత్రంలో చూశాను. ఏ ఊరికి ఏది వర్తిస్తుందో రాసినవాళ్లు తేల్చలేదు.

యూరియా ఎకరాకు నాలుగు బస్తాలు పడింది. కాంప్లెక్స్ ఎరువులో వచ్చే నత్రజని దీనికి అదనం. రెండూ కలిపితే సిఫారసు మోతాదుకు రెట్టింపు. పైగా చివరి బస్తా వాన వెలిశాక, ఆకు పసుపు తిరగడం చూసి చల్లారు. పసుపు కనబడితే యూరియా చల్లడం మన పొలాల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. ఈ తెగులుకు కావలసింది కూడా అదే: లేత ఆకు, గుబురు పైరు, గాలి ఆడని మడి.

ఏ తెగులో తేల్చడం

అగ్గి తెగులైతే ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు ఉంటాయి. పాము పొడ తెగులు నీటి మట్టం దగ్గర ఆకు తొడుగు మీద మొదలై పైకి పాకుతుంది. జింకు లోపం నాటిన కొన్నాళ్లకే ముదురు ఆకుల మీద తుప్పు మచ్చలుగా బయటపడుతుంది. పొటాష్ లోపంలోనూ ఆకు అంచులు ఎండుతాయి, అయితే అది అడుగు ఆకులతో మొదలవుతుంది, పొలమంతా ఒకే తీరుగా ఉంటుంది. ఇక్కడ పై ఆకుల కొసల నుంచి రెండు అంచుల వెంట పసుపు చారలు కిందికి దిగుతున్నాయి. చారకూ పచ్చదనానికీ మధ్య గీత అల మాదిరిగా వంకరలు పోతోంది. తెల్లవారుజామున చూస్తే ఆ అంచుల మీద చిన్న పసుపు బొట్లు కనిపించాయి. ఎండ ఎక్కేసరికి అవి ఎండి, గీకితే రాలే గింజల్లా మారాయి.

తెగులును తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆకును పసుపూ పచ్చా కలిసే చోట అడ్డంగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన చివర మునిగేలా కదపకుండా నిలబెట్టాలి. కొద్ది నిమిషాల్లో కోసిన చివర నుంచి పాలలాంటి సన్నని తీగలు నీళ్లలోకి దిగుతాయి. గట్టు మీద నలుగురు రైతుల ముందు చేశాను. "చీము లెక్క కారుతున్నది గద" అన్నాడొకాయన. ఆ తీగల్లో ఉన్నవి కోట్ల బ్యాక్టీరియా, వాటిని చుట్టుకున్న జిగురు. శిలీంధ్రం చేసిన ఎండు అయితే ఇలా కారదు. మూడు స్ప్రేల డబ్బు మిగలడానికి ఈ ఒక్క గ్లాసు చాలేది.

తెగులు పేరు బ్యాక్టీరియా ఎండాకు తెగులు, కారకం జాంతోమోనాస్ ఒరైజే, అందులో ఒరైజే అనే ఉపరకం. మొదటిసారి గుర్తించింది 1884లో, జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో. నేల ఆమ్లగుణంతో ఉండటం వల్ల ఈ తెగులు వస్తోందని అప్పట్లో అక్కడి రైతులు అనుకునేవారు. ఆకుల మీది మంచుబొట్లలో బ్యాక్టీరియా ఉందని తెలియడానికి పాతికేళ్లు పట్టింది. మన దేశంలో 1963లో బిహార్‌లోని షాహాబాద్ జిల్లాలో విరుచుకుపడ్డాకే దీన్ని పెద్ద తెగుళ్ల లెక్కలో వేశారు.

ప్రయోగశాలలో

ఆకు ముక్కలను పైపైన శుద్ధి చేసి, బ్యాక్టీరియాను పెంచే వాకిమోటో మాధ్యమం పోసిన ప్లేట్ల మీద, 28 డిగ్రీల దగ్గర ఉంచాం. కొత్తగా చేరిన విద్యార్థులు ఇక్కడ తొందరపడతారు. మర్నాటికే పసుపు కాలనీలు వస్తే సంబరపడి అవే తీసుకుంటారు. వాటిలో చాలావరకు పాంటోయియా వంటి ఇతర బ్యాక్టీరియా. మనకు కావలసినది నిదానంగా పెరుగుతుంది, మూడు నాలుగు రోజులకు గానీ గుండ్రని, మెరిసే, జిగట పసుపు కాలనీలు కనిపించవు. వాటిని తీసి నీళ్లలో కలిపి, ఆ నీళ్లలో ముంచిన కత్తెరతో టీఎన్1 రకం ఆకుల కొసలు కత్తిరించాం. రెండు వారాల తర్వాత కొస నుంచి కిందికి ఎంత పొడవు ఎండిందో స్కేలు పెట్టి కొలవడమే ఈ పరీక్ష. టీఎన్1 ఈ తెగులుకు తేలిగ్గా లొంగే రకం కాబట్టి బ్యాక్టీరియాలో సత్తా ఉందో లేదో దాని మీదే తెలుస్తుంది. మా నమూనాకు సత్తా బాగానే ఉంది.

కేసును ముందుకు తీసుకెళ్లాలంటే ఈ బ్యాక్టీరియా లోపల ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రైతులకు ఇంత చెప్పం. తోటి వ్యవసాయాధికారులకు మాత్రం చెప్పాలనే నా పట్టు. ఎందుకంటే మందు ఎందుకు పనిచేయదో, విత్తనం ఎందుకు పనిచేస్తుందో రెండూ ఇక్కడే తేలతాయి.

బ్యాక్టీరియా ఆకు అంచుల్లో నీటి బొట్లు ఊరే సన్నని రంధ్రాల గుండా లేదా గాయాల గుండా లోపలికి వెళ్తుంది. నేరుగా నీళ్లు మోసే దారు నాళాల్లో చేరుతుంది. అక్కడ స్థిరపడటానికి దానికి ముందుగా జిగురు కావాలి. ఆ జిగురును తయారుచేసే జన్యువులు జీనోమ్‌లో, అంటే దాని మొత్తం డీఎన్‌ఏలో, ఒకేచోట వరుసగా ఉంటాయి, వాటిని గమ్ జన్యువులంటారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం ఇందులో గమ్-జి అనే ఒక్క జన్యువును చెడగొట్టి చూసింది. బ్యాక్టీరియా బతికింది, కానీ జిగురు పోయింది, దాంతో పాటే తెగులు తెచ్చే శక్తీ పోయింది. ఆ ఫలితం 1999లో అచ్చయింది. గ్లాసులో మనం చూసిన పాల తీగలకు మూలం ఈ జన్యువులే.

జిగురు ఒక్కటే సరిపోదు. మొక్క కణాల చుట్టూ గోడ ఉంటుంది. దాన్ని కరిగించడానికి బ్యాక్టీరియా జైలనేజ్, సెల్యులేజ్, లైపేజ్ లాంటి ఎంజైములను బయటికి వదులుతుంది. వీటిని బయటికి పంపే యంత్రాంగాన్ని రెండో రకం స్రావ వ్యవస్థ అంటారు. ఆ వ్యవస్థను నడిపే జన్యువులు చెడితే తెగులు బలహీనపడుతుంది. ఈ సంగతి కూడా సీసీఎంబీలోనే తేలింది. నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించేది దీని తర్వాతి భాగం. గోడ కరుగుతుంటే ఆ ముక్కలే మొక్కకు హెచ్చరిక. వాటిని పసిగట్టి వరి తన రక్షణను లేపుతుంది. అంటే బ్యాక్టీరియా తన పనితోనే తన ఉనికిని బయటపెట్టుకుంటోంది. అయినా తెగులు వస్తోందంటే ఆ రక్షణను పడగొట్టే సాధనం ఇంకొకటి దాని దగ్గర ఉండాలి.

ఉంది. అది మూడో రకం స్రావ వ్యవస్థ, హెచ్‌ఆర్‌పీ జన్యువుల చేతిలో ఉంటుంది. సూదిలాంటి నిర్మాణంతో బ్యాక్టీరియా తన ప్రోటీన్లను నేరుగా మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. ఎక్స్‌ఓపీ అనే పేర్లతో పిలిచే కొన్ని ప్రోటీన్లు ఇలా లోపలికి వెళ్లి, గోడ కరిగినందుకు మొక్క లేపిన రక్షణను అణచివేస్తాయి. ఎంజైములు పైకి అల్లరి చేస్తుంటే ఈ ప్రోటీన్లు లోపల దాన్ని సర్దుబాటు చేస్తాయి. ఒక స్రావ వ్యవస్థ చేసిన తప్పును మరొకటి కప్పిపుచ్చడం అన్నమాట. హెచ్‌ఆర్‌పీ జన్యువులు చెడగొడితే మొక్కకు తెగులే రాదు.

ఆర్‌పీఎఫ్ జన్యువుల సంగతి ఒక్క మాటలో: బ్యాక్టీరియా తమ సంఖ్య ఎంతుందో ఒకదానికొకటి రసాయన సంకేతంతో తెలుపుకుంటాయి, ఆర్‌పీఎఫ్-ఎఫ్ చెడిన బ్యాక్టీరియా తెగులు తేవడంలో వెనకబడుతుంది.

అసలు ఆయుధం

ఇంతవరకు చెప్పినవన్నీ చాలా బ్యాక్టీరియాల దగ్గర ఏదో ఒక రూపంలో ఉంటాయి. వరి ఎండాకు తెగులును ప్రత్యేకం చేసేవి టాల్ ప్రోటీన్లు. ఫిలిప్పీన్స్‌కు చెందిన పీఎక్స్‌ఓ99ఏ అనే స్ట్రెయిన్ (ఇదే బ్యాక్టీరియాలో ఒక వంశం) జీనోమ్ మొత్తం 2008లో అచ్చయింది. సుమారు 52 లక్షల అక్షరాల డీఎన్‌ఏ, అందులో 19 టాల్ జన్యువులు.

టాల్ ప్రోటీన్ సూది ద్వారా మొక్క కణంలోకి వెళ్లి, అక్కడ ఆగకుండా కేంద్రకంలోకి చేరుతుంది. దాని మధ్య భాగంలో సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. ముక్కలన్నీ దాదాపు ఒకటే. ఒక్కొక్క ముక్కలో 12, 13 స్థానాలు మాత్రమే మారుతుంటాయి. ఆ రెండు స్థానాలను బట్టి ఒక్కో ముక్క మొక్క డీఎన్‌ఏలో ఒక్కో అక్షరానికి అతుక్కుంటుంది: ఒక జంట సీకి, ఇంకొకటి ఏకి, మరొకటి టీకి. ఈ లెక్కను 2009లో రెండు బృందాలు వేర్వేరుగా విప్పాయి, జర్మనీలోని హాలేలో ఒకటి, అమెరికాలోని అయోవాలో ఒకటి. దీంతో ఏ టాల్ ప్రోటీన్ మొక్క డీఎన్‌ఏలో ఎక్కడ వాలుతుందో ముందే ఊహించడం సాధ్యమైంది. వాలిన చోట పక్కనున్న మొక్క జన్యువు పనిచేయడం మొదలుపెడుతుంది. బ్యాక్టీరియా తన ప్రోటీన్ పంపి మొక్క జన్యువును లేపుతోందన్నమాట.

లేపేది దేన్ని? చక్కెర దారిని. వరిలో స్వీట్ అనే కుటుంబపు జన్యువులున్నాయి. అవి చేసే ప్రోటీన్లు కణంలోని సుక్రోజును బయటికి వదిలే ద్వారాలు. పీటీహెచ్‌ఎక్సో-1 అనే టాల్ ప్రోటీన్ స్వీట్-11 జన్యువు ముందున్న ప్రమోటర్ (జన్యువును నడిపించే డీఎన్‌ఏ భాగం) మీద వాలి దాన్ని లేపుతుంది. పీటీహెచ్‌ఎక్సో-2 స్వీట్-13ని, ఏవీఆర్‌ఎక్స్‌ఏ-7 స్వీట్-14ని లేపుతాయి. ఏది లేచినా ఫలితం ఒకటే: నీళ్లు తప్ప పెద్దగా తిండి దొరకని దారు నాళాల దగ్గరికి చక్కెర వచ్చిపడుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ తలుపు తీసేది మొక్క సొంత జన్యువే. 19 టాల్ జన్యువులున్న పీఎక్స్‌ఓ99ఏలో పీటీహెచ్‌ఎక్సో-1 ఒక్కటి తీసేస్తే తెగులు బాగా తగ్గిపోతుంది. మిగతా 18 ఆ లోటును పూడ్చలేవు.

దుకాణంలో దొరికే మందులు ఎందుకు ఆదుకోవో ఇప్పుడు చెప్పవచ్చు. శిలీంధ్ర మందులకు బ్యాక్టీరియా లొంగదు. రాగి మందులు ఆకు పైన పనిచేస్తాయి, బ్యాక్టీరియా నాళాల్లో ఉంది. యాంటీబయాటిక్ పిచికారీ కూడా నాళాల్లోకి చాలినంత చేరదు. పైగా మనుషుల వైద్యానికి కావలసిన మందులను పొలంలో గుమ్మరించడం వల్ల వాటికి లొంగని బ్యాక్టీరియా పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. నేను రాయను.

మా నమూనా ఏ ఆయుధం వాడుతోంది

ఈ పని నిజానికి జీనోమ్ చదివి చేయాలి. మా స్థాయిలో అందుబాటులో ఉన్న దారి వేరు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి ఐఆర్ 24 రకంలో ఒక్కో నిరోధక జన్యువును విడివిడిగా పెట్టి ఐఆర్‌బీబీ అనే వరుస రకాలు తయారుచేశారు. పేరులోని అంకె జన్యువు అంకె: ఐఆర్‌బీబీ 4లో ఎక్స్‌ఏ-4, ఐఆర్‌బీబీ 13లో ఎక్స్‌ఏ-13. ఐఆర్‌బీబీ 59 మాత్రం వేరు, అందులో 5, 13, 21 మూడూ ఉన్నాయి. నమూనాను వీటన్నిటికీ ఎక్కించి ఏది ఆపిందో, ఏది ఆపలేకపోయిందో చూస్తే బ్యాక్టీరియా చేతిలో ఏముందో చాలావరకు ఊహించవచ్చు.

ఐఆర్ 24 మీదా టీఎన్1 మీదా ఎండు 15 సెంటీమీటర్లు దాటింది. ఐఆర్‌బీబీ 4 కూడా అంతే. ఇది ఊహించినదే. ఎక్స్‌ఏ-4 ఎన్నో రకాల్లోకి వెళ్లింది, మన దేశంలో బ్యాక్టీరియా దాన్ని ఎప్పుడో దాటేసింది. ఐఆర్‌బీబీ 5 కూడా బాగా ఎండింది. ఐఆర్‌బీబీ 13 మీద మాత్రం కత్తెర గాటు దగ్గరే ఆగిపోయింది. ఐఆర్‌బీబీ 21 మీద చిన్న ఎండు. ఐఆర్‌బీబీ 59 మీద గాటు గుర్తు తప్ప ఏమీ లేదు.

నన్ను ఆగి ఆలోచించేలా చేసింది 5 ఓడి 13 గెలవడం. ఎక్స్‌ఏ-13 అనేది కొత్త జన్యువేమీ కాదు, స్వీట్-11కే మరో రూపం. దాని ప్రమోటర్ మారిపోయి ఉండటంతో పీటీహెచ్‌ఎక్సో-1కు వాలే చోటు దొరకదు. చక్కెర ద్వారం తెరుచుకోదు, తెగులు లేదు. కాబట్టి ఎక్స్‌ఏ-13 ఉన్న మొక్క మీద బ్యాక్టీరియా ఓడిందంటే అది పీటీహెచ్‌ఎక్సో-1 మీదే ఆధారపడిందని అర్థం. స్వీట్-13నో 14నో లేపే ప్రత్యామ్నాయం దాని దగ్గర ఉంటే ఐఆర్‌బీబీ 13 కూడా ఎండేది.

ఎక్స్‌ఏ-5 కథ వేరు. టాల్ ప్రోటీన్ ప్రమోటర్ మీద వాలాక జన్యువును లేపడానికి మొక్క సొంత యంత్రాంగంలోని ఒక భాగాన్ని పట్టుకోవాలి. ఆ భాగం టీఎఫ్ఐఐఏ ప్రోటీన్‌లోని గామా ముక్క. ఎక్స్‌ఏ-5లో ఆ ముక్క 39వ స్థానంలో ఒకే అమైనో ఆమ్లం మారింది. దాంతో టాల్‌కు పట్టు చిక్కదు. అయితే పీటీహెచ్‌ఎక్సో-1 చాలా బలమైనది, పట్టు సడలినా స్వీట్-11ను సరిపడా లేపగలదు. ఎక్స్‌ఏ-5ను దాటిన ఒక భారతీయ స్ట్రెయిన్ జీనోమ్‌ను చదివి 2020లో ప్రచురించిన పరిశోధన కారణంగా చూపింది ఈ పీటీహెచ్‌ఎక్సో-1నే. విచిత్రంగా ఆ స్ట్రెయిన్ థాయ్‌లాండ్‌లో దొరికిన ఒక స్ట్రెయిన్‌కు దాదాపు నకలు. మా నమూనా తీరు దానితో సరిపోతోంది: 5ను దాటడం, 13 దగ్గర ఓడిపోవడం. ఇంకా లోతుగా వెళ్లాలంటే ఆకులో స్వీట్-11 ఎంత లేచిందో పీసీఆర్ అనే ప్రయోగశాల పరీక్షతో కొలవవచ్చు. పొలానికి సలహా ఇవ్వడానికి అంత అవసరం కనిపించలేదు.

గట్టుకు అవతల

బావమరిది పొలంలో ఉన్నది ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, ఆర్‌పీ బయో-226. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, అప్పటి డీఆర్‌ఆర్, సీసీఎంబీతో కలిసి దీన్ని తయారుచేసింది. 2008లో విడుదలైంది. ఎక్స్‌ఏ-5, 13, 21 మూడూ ఉన్న దాత రకాన్ని బీపీటీ 5204తో కలిపి, మళ్లీ మళ్లీ బీపీటీతోనే కలుపుతూ, ప్రతి తరంలో మూడు జన్యువులూ ఉన్న మొక్కలను డీఎన్‌ఏ గుర్తులతో ఏరారు. బయటినుంచి జన్యువును చొప్పించిన పంట కాదిది, మామూలు సంకరమే. ఎంపిక మాత్రం కంటితో కాక డీఎన్‌ఏ చూసి జరిగింది. ఇలా చేయక తప్పని కారణం ఉంది. 5, 13 రెండూ అంతర్గత లక్షణాలు. జన్యువు కాపీ ఒక్కటే ఉన్న మొక్కకు నిరోధకత కనిపించదు. పాత పద్ధతిలో అయితే ప్రతి తరంలోనూ స్వపరాగం చేయించి, తెగులు ఎక్కించి చూడాలి. ఏళ్లు పట్టేది.

మూడో జన్యువు ఎక్స్‌ఏ-21 దారి ఈ రెండింటికీ భిన్నం. ఇది ఆఫ్రికాలోని మాలి నుంచి వచ్చిన అడవి వరి, ఒరైజా లాంగిస్టామినేటాలోది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం దీన్ని వేరుచేసింది. మొక్క కణం పైన నిలబడి బ్యాక్టీరియా వాసన పట్టే గ్రాహకం ఇది. దేన్ని పట్టుకుంటుందన్నది తేలడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో 2009లో ఒక జవాబు అచ్చయింది, తర్వాత అది తప్పని తేలడంతో అదే బృందం 2013లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. సైన్సులో ఈ మాత్రం నిజాయితీ అరుదు, అందుకే చెబుతున్నాను. 2015లో అసలు జవాబు వచ్చింది: రాక్స్-ఎక్స్ అనే చిన్న పెప్టైడ్. బ్యాక్టీరియాలోని రాక్స్-ఎస్‌టీ అనే ఎంజైము దానికి సల్ఫేటు తగిలిస్తేనే గ్రాహకం దాన్ని గుర్తిస్తుంది. రాక్స్-ఎక్స్ మొక్క సొంత హార్మోను ఒకదాన్ని పోలి ఉంటుంది. ఎక్స్‌ఏ-21 ఒక్కదానికీ ఒక లోపం ఉంది, లేత నారులో అది బలహీనం, మొక్క ముదిరే కొద్దీ బలపడుతుంది. నాటిన కొద్ది వారాలకే దుబ్బులు వాడిపోయే దశలో 13 కాపలా కాస్తుంది కాబట్టి ఆ లోపం ఈ రకంలో పెద్దగా బయటపడదు.

ఇక ఆ ఈశాన్యం మూల. ఊళ్లో అప్పటికే మాట పుట్టింది: "తెగులు రాదన్న విత్తనానికీ వచ్చింది గదా." మూలలోని ఎండిన దుబ్బుల నుంచి, పొలం మధ్యలోని పచ్చని దుబ్బుల నుంచి ఆకులు తెచ్చి డీఎన్‌ఏ తీశాం. ఎక్స్‌ఏ-21కు పీటీఏ 248 అనే గుర్తు వాడతాం, ఎక్స్‌ఏ-13కు దాని ప్రమోటర్ మీదే పెట్టిన గుర్తు. పచ్చని దుబ్బుల్లో రెండూ ఉన్నాయి. మూల దుబ్బుల్లో రెండూ లేవు. అవి ఉత్త బీపీటీ. అడిగితే సంగతి బయటికొచ్చింది, నాట్లప్పుడు నారు చాలక ఆ మూలకు బావ నారుమడి నుంచి నాలుగు కట్టలు తెచ్చి వేశారు.

"నేనే ఇచ్చిన సార్, ఎట్లనో మరిచిన" అని బావ నవ్వేశాడు. బావమరిది నవ్వలేదు, విత్తనం అమ్మినవాళ్లతో అప్పటికే గొడవ పడి వచ్చాడు.

ఆ మూల చూపించిన ఫలితం ప్రయోగశాల ఫలితం కంటే నాకు విలువైనది. ఒకే మడి, ఒకే ఎరువు, ఆనుకుని ఉన్న దుబ్బులు. బీపీటీ దుబ్బులు నిలువునా ఎండాయి, వాటికి తాకుతున్న ఇంప్రూవ్డ్ సాంబ ఆకుల మీద కొసన ఒకటి రెండు సెంటీమీటర్ల ఎండు వచ్చి ఆగిపోయింది. బ్యాక్టీరియా వాటి మీదా పడింది, లోపలికీ వెళ్లింది. చక్కెర దొరకలేదు.

చేసింది, వచ్చింది

ఆరెకరాల మడిని చిరుపొట్టలో కాపాడటానికి మిగిలిన మార్గాలు తక్కువ. యూరియా పూర్తిగా ఆపించాం. మడిలో నీళ్లు తీసి ఆరగట్టించాం, ఆ నీళ్లు అవతలి పొలంలోకి పోకుండా గండి మార్చించాం. పొటాష్ చివరి మోతాదు వేయించాం. మంచు ఉన్న ఉదయం పూట మడిలో తిరగవద్దన్నాం. తడి ఆకుల మీద బ్యాక్టీరియా బట్టలకూ చేతులకూ అంటి పాకుతుంది. రాగి మందు ఒకసారి కొట్టమని రైతే అడిగాడు. ఇంకా తెగులు అంటని చివరి ఎకరంలో మాత్రమే ఒప్పుకున్నాను.

పోటాకు దాకా ఎండు ఎక్కిన మడుల్లో గింజ సగం పాలు పోసుకుని ఆగిపోయింది. కోతల్లో బావ పొలం బావమరిది పొలం కంటే ఎకరాకు ఎనిమిది బస్తాల దాకా తక్కువ తూగింది. మిల్లులో నూక ఎక్కువ పడటంతో ధర కూడా కోసేశారు. చివరి ఎకరం మిగతావాటి కంటే మెరుగ్గా ఉంది. దాన్ని రాగి మందు ఖాతాలో వేయను, అక్కడ ఆఖరి యూరియా బస్తా పడలేదు.

వచ్చే వానాకాలానికి

బావకు ఇంప్రూవ్డ్ సాంబ విత్తనం చెప్పాం, పొలంలో దాచుకున్నది కాదు, గుర్తింపు ఉన్న విత్తనం. నారు కొసలు తుంచకుండా నాటాలి, పురుగు గుడ్లుంటే ఆ ఆకునే ఏరేయాలి. ఎండిన మడిలోని కొయ్యకాళ్లను కలియదున్నాలి, గట్ల మీది గడ్డి తీసేయాలి, పంట లేనప్పుడు బ్యాక్టీరియా వాటిలో తలదాచుకుంటుంది. అడిగినవాళ్లలో హైబ్రిడ్ వరి వేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి: 5, 13 అంతర్గతం కాబట్టి హైబ్రిడ్‌లో పనిచేయాలంటే తల్లి, తండ్రి రెండు వైపులా ఆ జన్యువు ఉండాలి. ఒక వైపే ఉందంటే ప్యాకెట్టు మీద రాసినంత మాత్రాన లాభం లేదు.

ఈ నిరోధకత ఎన్నాళ్లు నిలుస్తుందని మా దగ్గరి కుర్రాళ్లు అడుగుతుంటారు. టాల్ జన్యువుల్లో ముక్కలు మళ్లీ మళ్లీ వచ్చేవే కాబట్టి అవి ఒకదానితో ఒకటి కలిసి అటూ ఇటూ మారడం తేలిక. కొత్త అమరిక ఏదైనా స్వీట్-13 లేదా 14 ప్రమోటర్‌కు సరిపడితే 13 అడ్డు దాటినట్టే. అలాంటి టాల్ జన్యువులున్న స్ట్రెయిన్లు ఆసియాలో ఉన్నాయి. అందుకే 2019లో ఒక అంతర్జాతీయ బృందం ఐఆర్ 64తో సహా కొన్ని రకాల్లో స్వీట్-11, 13, 14 మూడింటి ప్రమోటర్లలో టాల్ వాలే చోట్లను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో సవరించి చూపింది. ద్వారం అలాగే ఉంటుంది, గింజ నిండటానికి అది మొక్కకూ కావాలి, బ్యాక్టీరియా పట్టుకునే పిడి మాత్రం ఉండదు. బ్యాక్టీరియా ఊరుకోదని కూడా అదే కాలంలో తెలిసింది. టాంజానియాలో 2019 నుంచి ఆసియా తరహా స్ట్రెయిన్లు బయటపడ్డాయి, ఆఫ్రికా స్ట్రెయిన్లలో అంతకుముందు లేని పీటీహెచ్‌ఎక్సో-1 తరహా జన్యువు వాటిలో ఉంది.

అందుకని మా పరిధిలో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. బావ పొలంలో మోటారు పక్కన ఆరు వరసల జాగా అడిగి తీసుకున్నాం. ఐఆర్ 24, ఐఆర్‌బీబీ 4, 5, 13, 21, 59 ఒక్కో వరసలో కొన్ని దుబ్బులు. కత్తెర గాట్లేమీ పెట్టం, ఊళ్లో ఉన్న బ్యాక్టీరియా తనంతట తానే వచ్చి పడాలి. పిలకల దశలో ఒకసారి, పొట్ట దశలో ఒకసారి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చి ఏ వరస ఎండిందో ఫొటో తీసి పంపుతారు. ఐఆర్‌బీబీ 5 ఎండితే కొత్త సంగతేమీ లేదు. ఐఆర్‌బీబీ 13 ఆకు ఎండిన రోజు ఆ ఆకు ముందుగా నా బల్ల మీదికి రావాలని చెప్పి పెట్టాను. ఆ నమూనాను మాత్రం జీనోమ్ చదివించడానికి పంపుతాం.